పొడుగు ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్ళు, దానిమీద ఒకప్పుడు వెండిలా మెరిసిన పూత, కడుపులో శనగగింజంత బెండు గుండు. నాకున్నది ఇంతే. సొంత గొంతు లేదు. మనుషులు నాలోకి ఊపిరి వదిలితే పలుకుతాను, ఆపితే ఊరుకుంటాను. చాలాకాలం దీన్ని నా వినయం అనుకున్నాను. బాధ్యత తప్పించుకోవడానికి ఇది మంచి సాకు కూడా అని ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి ఎవరికైనా ఒకసారి చెప్పి ఊరుకోవాలని ఉంది.

ఉత్తరదేశంలో ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో పుట్టాను. ఒక ముసలి పనివాడు ఇత్తడి రేకును వంచి, అతుకు వేసి, బెండు గుండును లోపలికి నెట్టి, నోటి అంచును ఆకురాయితో రుద్ది, ఒకసారి ఊది చూసి పక్కన పడేశాడు. రోజుకు రెండు వందల ఈలలు అలా ఊదేవాడు. నాలో చేరిన మొదటి ఊపిరి ఆయనదే. అందులో ప్రేమ లేదు, విసుగూ లేదు. పలుకుతుందా, లేదా అన్న విచారణ మాత్రమే ఉంది. ఆ ఒక్క పరీక్షతో నన్ను లోకంమీదికి పంపారు. పలకడం వేరు, నిజం పలకడం వేరు అన్న ఆలోచన ఆ కార్ఖానాలో ఎవరికీ రాలేదు. రావలసిన పనీ లేదు.

నా మొదటి యజమాని ఒంగోలు పడమటి మెట్టప్రాంతంలోని ఒక మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు సంజీవయ్య. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆయన మెడలో వేలాడాను. నేను పలికితే మూడు వందల మంది పిల్లలు వరుసలో నిలబడేవారు, మళ్ళీ పలికితే చెదిరిపోయేవారు. నిలబడినవాళ్ళలో ఎవరు ఆకలితో ఉన్నారో, ఎవరికి జ్వరంగా ఉందో నాకు తెలిసేది కాదు. ఆయనకూ తెలిసేది కాదు. వరుస తిన్నగా ఉంటే చాలునని మేమిద్దరం అనుకునేవాళ్ళం. పదవీ విరమణ రోజున ఆయన నన్ను తన పాత విద్యార్థి ఎజ్రా చేతిలో పెట్టాడు. ఎజ్రాకు అప్పుడే బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది.

“ఒరే ఎజ్రా, నా పిల్లోళ్ళు నిలబడమంటే నిలబడ్డారు. నీ బస్సోళ్ళు కూర్చోమన్నా కూర్చోరు. గట్టిగా ఊదు,” అన్నాడు మాస్టారు.

బస్సులో నా భాష మారింది. ఒక పొట్టి ఈలకు ఆగు అని అర్థం. రెండు పొట్టి ఈలలకు పోనియ్యి అని. మూడోది పొడుగు ఈల. బస్సును వెనక్కి తీసేటప్పుడు కండక్టరు దిగి వెనకాల నిలబడి, ఎడతెగకుండా ఊదుతాడు. ఈల మోగినంతసేపు డ్రైవరు వెనక్కి వస్తూనే ఉంటాడు. ఆగిన క్షణం బ్రేకు తొక్కుతాడు. అతనికి వెనకాల ఏమీ కనబడదు. గోడ ఉందో, గొయ్యి ఉందో, మనిషి ఉన్నాడో చెప్పేది ఆ ఒక్క ఊపిరే.

ఊపిరితో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకొక రహస్యం తెలుసు. పొట్టి ఈలకు బుగ్గల్లో నిండిన గాలి చాలు. రొమ్ముతో పని లేదు. పొడుగు ఈల మాత్రం రొమ్ము అట్టడుగు నుంచి రావాలి. వినేవాళ్ళకు ఈ తేడా తెలియదు. నా లోపల గుండు రెండింటికీ ఒకేలా గిరగిర తిరుగుతుంది.

ఎజ్రా బస్సును నడిపినవాడు మస్తాన్ వలీ. ఎజ్రా ఉద్యోగంలో చివరి ఆరేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే బండిమీద తిరిగారు. తరువాత ఒక వేసవి మధ్యాహ్నం, టికెట్లు కొడుతూనే, ఎజ్రా గుండె ఆగి వెనక సీటులో ఒరిగిపోయాడు. ఉద్యోగంలో ఉండగా పోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉంది. అలా అతని కూతురు సలోమి ఇరవై నాలుగో ఏట కండక్టరు అయింది. తండ్రి బ్యాగు, తండ్రి దారి, తండ్రి డ్రైవరు, తండ్రి ఈల, అన్నీ ఆమెకు వచ్చాయి. కావాలా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు.

తండ్రికీ కూతురికీ ఒక్క తేడా ఉంది. దారిలో బండి ఆగినప్పుడు ఎజ్రా ఏ తుమ్మచెట్టు చాటుకో వెళ్ళి వచ్చేవాడు. సలోమికి ఆ చెట్టు లేదు. మూడున్నర గంటల దారి, ముప్ఫై ఎనిమిది స్టేజీలు, వాటిలో ఒక్కచోట కూడా ఆడమనిషి నిశ్చింతగా వెళ్ళగలిగే చోటు లేదు. ఆమె దానికి ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు తాగడం మానేసింది. తెల్లవారి ఐదింటికి ఒక గుక్క, మధ్యాహ్నం అన్నం మీద అర గ్లాసు. పెదవులు ఎండి నా అంచుకు అంటుకునేవి. ప్రయాణికులు సీసాలెత్తి గటగట తాగుతుంటే వాళ్ళ మధ్య నుంచి ఆమె “టికెట్, టికెట్” అంటూ నడిచిపోయేది. దేహం అడిగినదాన్ని తరువాతి స్టేజీకి వాయిదా వేయడం పదిహేనేళ్ళలో ఆమెకు వృత్తిలో భాగమైపోయింది. ఎలా ఉన్నావని ఎవరడిగినా ఒకటే జవాబు: “నాకేంది, బాగానే ఉండా.”

దేహం మాత్రం ఏదీ మరిచిపోలేదు. ఆమె తాగని నీళ్ళన్నిటి సంగతీ కుడి మూత్రపిండంలో రాయిగా రాసిపెట్టుకుంది.

ఒకరోజు సంతపేట స్టేజీ దగ్గర రెండు ఈలలు వేయబోయి ఆమె నడుము పట్టుకుని మెట్ల మీద కూలబడింది. వలీ ఇంజను ఆపి వచ్చి ఆమెను లేపాడు. పరీక్షల్లో చింతగింజంత రాయి కనబడింది. పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి వైద్యుణ్ణి అందరూ రాళ్ళ డాక్టరు అనేవారు. నిదానస్తుడు. ఆయన కాగితంమీద మూత్రపిండం బొమ్మ గీసి సలోమికీ, ఆమె తల్లి కరుణమ్మకూ చూపించాడు.

“రాయి పైభాగంలో ఉందమ్మా. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి, పక్కటెముకల సందులోంచి వెళ్ళి పగలగొట్టి తీస్తాం. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర అక్కడికి దగ్గర. చాలా అరుదుగా ఆ పొరలోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. అట్లాంటిదేమైనా ఉంటే వెంటనే చెప్పాలి. సరేనా?”

“సరే సార్,” అంది సలోమి, సంతకం పెడుతూ.

అరుదు అన్న మాటను అప్పటినుంచి చాలాసార్లు తిరగేసి చూశాను. చెప్పేవాడికి అది వందలో ఒకటి. ఎవరికి జరుగుతుందో వాళ్ళకు వందకు వంద. ఆ మాటకు రెండు వైపులా మనుషులు నిలబడి, ఒకరికొకరు అర్థమయ్యామనుకుని తలలు ఊపుకుంటారు.

రాయి బాగానే వచ్చింది. ముక్కలను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి తల్లి చేతికిచ్చారు. ఆ సాయంత్రం తీసిన ఎక్స్‌రేలో రొమ్ము తేటగా ఉంది. అందరి మనసూ కుదుటపడింది. నన్ను కరుణమ్మ దిండు పక్కన, బైబిలు మీద పెట్టింది. “నాయన పక్కనున్నట్టుంటది,” అంది.

మూడో రోజు ఉదయం, ఆపరేషన్ అప్పుడు వీపులో పెట్టిన గొట్టం తీసేశారు. మధ్యాహ్నానికి సలోమి కుడి భుజం నొప్పి అంది. ఆ భుజంమీదే పదిహేనేళ్ళు టికెట్ల బ్యాగు మోసింది. అందుకని ఆ నొప్పికి అర్థం అందరికీ తెలిసిపోయింది.

“బ్యాగు దించినా బరువు దిగలా నీకు. మీ నాయనకూ ఇదే భుజం,” అంటూ కరుణమ్మ మందు రాసి రుద్దింది. రుద్దినంతసేపు హాయిగానే ఉంది. ఊపిరితిత్తి కింద ఏదైనా ఒరుసుకుంటే నొప్పి భుజంలో తేలుతుందని తరువాత డాక్టరు చెప్పగా విన్నాను. ఆ గదిలో అప్పటికి ఉన్నవాళ్ళకు భుజమంటే బ్యాగే.

సాయంత్రానికి ఆమె వెల్లకిలా పడుకోలేకపోయింది. దిండ్లు ఎత్తుగా పెట్టించుకుంది. మాటలు ముక్కలయ్యాయి. “అమ్మా… కాసిని… మజ్జిగ,” అనేది. కుట్ల నొప్పికి లోతుగా పీల్చలేకపోతోందని తల్లి అనుకుంది. సలోమి కూడా అలాగే అనుకుంది. లేదా అలా అనుకోవాలని నిశ్చయించుకుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఇంటికి పంపే రోజు. వాళ్ళ ఊరు బస్సులో మూడు గంటలు. అక్కడ రాత్రికి ఆయాసం ముదిరితే చూసే వైద్యుడు లేడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఉండడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేని వస్తువును నేను.

ఉదయం నర్సు హేమలత వచ్చింది. చురుకైన పిల్ల, అందరితో సరదాగా మాట్లాడుతుంది. సలోమి వేలికి పెట్టిన, ఆక్సిజన్ కొలిచే మిషన్ చూసి కొంచెం ఆగింది.

“తొంబై మూడు చూపిస్తంది. ఊపిరి పూర్తిగా తీసుకుంటన్నావా, కండక్టరమ్మా?”

“తీసుకుంటన్నా… సిస్టర్. నాకేంది.”

“నిన్ను నమ్మబుద్ధి కాదు. నువ్వు చిల్లర రేపిస్తాననే రకం.” పక్క మంచాలవాళ్ళు నవ్వారు. హేమలత కళ్ళు నామీద పడ్డాయి. “ఆ విజిలుందిగా. ఊదు చూద్దాం. ఊదావంటే ఇంటికి టికెట్ కొట్టేస్తా.”

సలోమి నన్ను అందుకుంది. బుగ్గలు నింపుకుంది. రెండు పొట్టి ఈలలు వేసింది.

ఖంగుమని మోగాను. వార్డంతా నవ్వింది. ఎవరో “రైట్ రైట్” అన్నారు. హేమలత వెళ్ళి డాక్టరుతో “విజిల్ కూడా వేసింది సార్” అని చెప్పడం వినబడింది. వెనకటి ఎక్స్‌రే బాగుంది, జ్వరం లేదు, మనిషి విజిల్ వేస్తోంది. ఆయన వచ్చి ఛాతీకి ముందువైపు మాత్రమే స్టెతస్కోపు ఆనించి విన్నాడు. వీపున పెద్ద కట్టు ఉంది కదా, కదిలించడం ఎందుకనుకున్నాడు. చిరునవ్వుతో సంతకం చేశాడు.

ఆ చిరునవ్వు నేను సంపాదించి పెట్టిందే. ఆ ఈలల్లో రొమ్ము ఊపిరి చుక్కంతైనా లేదని, ఆమె కాక, తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. ఆమె లోపల సగం మూసుకుపోయిందని ఆ బుగ్గల వేడి నాకు చెప్పింది. అయినా నిండు ఊపిరికి ఎంత గట్టిగా మోగుతానో అంత గట్టిగానే మోగాను. అబద్ధం ఆడానా? ఆడలేదు. అడిగినదానికి పలికాను. కార్ఖానాలో నన్ను పరీక్షించిన ముసలివాడు కూడా ఇంతే అడిగాడు. కాని ఆడని అబద్ధం కూడా ఒకరి ప్రాణం మీదికి వస్తుందని ఆ పూట నేర్చుకున్నాను.

పన్నెండు దాటాక మస్తాన్ వలీ వచ్చాడు. రెండింటి బండికి డ్యూటీ, అందులోనే తల్లీకూతుళ్ళను తీసుకుపోదామని. ఇంటి నుంచి బార్లీ నీళ్ళు తెచ్చాడు. సలోమి భర్త రంగుల పనిమీద నెల్లూరులో ఉండిపోవడంతో ఆ భారం తనమీద వేసుకున్నాడు. కరుణమ్మ అప్పటికే సంచులు సర్దేసింది.

“రా వలీ. నీ కండక్టరు పొద్దున విజిలేస్తే డాక్టరు నవ్వి పంపిచ్చేశాడు,” అంది సంతోషంగా.

వలీ నవ్వలేదు. మంచం పక్కన నిలబడి సలోమినే చూస్తున్నాడు. “అన్నా… రా… కూచో,” అంది ఆమె.

“మూడు మాటలకి మూడు స్టేజీలు ఆపుతున్నావేంది?” అన్నాడు. “ఏం ఈల ఏశావు పొద్దున?”

“రెండు.”

“పొట్టీలలా?”

“ఆ.”

“అయి బుగ్గల్తో ఎయ్యొచ్చు గదా. మీ నాయన జ్వరమొచ్చిన్రోజు అట్టానే ఏసి నన్ను మోసం చేసేవాడు.” అతను మంచం ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ గాలిలో స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టాడు. “బండి ఎనక్కి తీస్తన్నా. పొడుగీల ఎయ్యి.”

“ఇక్కడ… బాగుండదన్నా.”

“బాగుండకపోతే మానె. నేను గోడకి తగిలిచ్చుకుంటా. ఎయ్యి.”

ఆమె నన్ను పెదవుల మధ్య పెట్టుకుంది. ఈసారి బుగ్గలు చాలవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పీల్చింది. ఎడమవైపు మాత్రమే నిండింది. పొడుగు ఈల మొదలైంది. సన్నగా, వణుకుతూ, రెండు లెక్కపెట్టేలోగా తెగిపోయింది. గుండు నాలో ఒక మూలకు జారి ఆగింది.

అప్పుడు వలీ కుడిపాదం టక్కుమని నేలను తొక్కింది.

అతను కావాలని చేసింది కాదు. ముప్ఫై ఏళ్ళ డ్రైవరు పనిలో పొడుగు ఈల ఆగినప్పుడల్లా ఆ పాదం అదే పని చేసింది. చెప్పు పాలరాతి మీద కొట్టిన చప్పుడుకు పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. సలోమి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“బండి ఇంకా గోడ కాడికి రాలేదు సలోమీ,” అన్నాడు వలీ నెమ్మదిగా. “నువ్వు ముందే ఆగిపోయావు.”

ఆమె నన్ను దుప్పటిమీద పెట్టింది. తరువాత పదిహేనేళ్ళలో ఎన్నడూ అనని మాట అంది.

“ఆడట్లేదన్నా. ఊపిరి… ఆడట్లేదు. నిన్నటి నుంచి.”

వలీ నర్సు దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే కరుణమ్మ.

“డిశ్చార్జి రాసేశారు గదా బాబాయ్,” అంది హేమలత.

“రాస్తే రాశారు తల్లీ. డిపోలో బ్రేకు పట్టడం లేదని డ్రైవరు రాసిచ్చాడంటే, ఎంత పెద్దాఫీసరు చెప్పినా బండి గేటు దాటదు. నేను రాసిస్తా, కాగితమియ్యి. ఈ మనిషిని నా బండెక్కించను.”

ఆ పిల్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఆమె వాదించలేదు. చెవులకు గొట్టం తగిలించుకుని వచ్చి, సలోమిని ముందుకు వంచి, కట్టు అంచు కొద్దిగా ఎత్తి, వీపుకు కుడివైపు ఆనించి విన్నది. ఎడమవైపు విన్నది. మళ్ళీ కుడివైపు. ముఖంలోని సరదా మొత్తం దిగిపోయింది. పరుగెత్తింది.

కొత్త ఎక్స్‌రేలో కుడివైపు సగానికి పైగా తెల్లగా ఉంది. రాళ్ళ డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి కొంతసేపు చూశాడు. “పొరలోకి నీరు చేరింది. పొద్దున వెనకవైపు వినాల్సింది నేను,” అన్నాడు. ఎవరితోనో కాదు, ఆ ఫిల్ముతోనే అన్నట్టు. పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. లేత పసుపు రంగు నీరు వచ్చింది. దాదాపు లీటరున్నర. పదిహేనేళ్ళు నీటిని దగ్గరికి రానివ్వని మనిషి రొమ్ములో అంత నీరు. నవ్వాలో ఏడవాలో తెలియక కరుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గొట్టం చివర మంచం కింద ఒక సీసాలో మునిగి ఉండేది. సలోమి ఊపిరి తీసినప్పుడు గొట్టంలో నీటిమట్టం పైకి లేచేది, వదిలినప్పుడు దిగేది. ఐదు రోజులు దాన్నే చూస్తూ గడిపాను. ఆ సీసాదీ నాలాగే ఊపిరితో బతికే బతుకు. కాని అది ఉన్నంతే చూపిస్తుంది. ఇంత ఊపిరికి ఇంత. దాని ముందు నాకు సిగ్గు వేసింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు తానే అడిగాడు. “పొట్టివి వద్దమ్మా. ఆ పొడుగుది వెయ్యి.” సలోమి వేసింది. వార్డులో ఎవరూ నవ్వలేదు. అది ఆగేదాకా అందరూ తమ ఊపిరి బిగబట్టారు.

రెండు నెలలకు ఆమె మళ్ళీ బండెక్కింది. ఈసారి బ్యాగు పక్కన రెండు లీటర్ల సీసా ఉంది. దారి మధ్యలో పెట్రోలు బంకు ఒకటి ఉంది, అక్కడ ఆడవాళ్ళకు గది ఉంది. ఇన్నేళ్ళూ దాని ముందు నుంచే వెళ్ళారు. ఇప్పుడు అక్కడ ఒక ఈల పడుతుంది, బండి ఆగుతుంది.

“ఇది స్టేజీ కాదు గదమ్మా, ఎందుకాపావు?” అన్నాడు మొదటి రోజు ఒక పెద్దమనిషి.

“నాకు స్టేజీ, పెద్దయ్యా,” అంది సలోమి దిగుతూ. ఆమె వెనకాల మరో నలుగురు ఆడవాళ్ళు మాట్లాడకుండా దిగారు. వాళ్ళు కూడా ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్నవాళ్ళే అని పెద్దయ్యకు అప్పుడు తెలిసి ఉంటుంది. కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. వలీ స్టీరింగుమీద చేతులు పెట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు, రోడ్డుకేసి చూస్తూ ఉన్నాడు.

తరువాత నా అతుకు ఒకచోట విచ్చింది. బెండు గుండు ఎండి చిన్నదైంది. సలోమి ప్లాస్టిక్ ఈల కొనుక్కుంది. అది తేలిక, గట్టిగా మోగుతుంది. నాకు అసూయ లేదు. నన్ను ఇంట్లో బీరువా సొరుగులో పెట్టింది. ఒక్కసారి మాత్రం బయటికి తీసింది, వలీ ఉద్యోగంలో చివరి రోజున. సాయంత్రం డిపోలో అతను బండిని చివరిసారి వెనక్కి తీశాడు. ఆమె వెనకాల నిలబడి, విచ్చిన అతుకుమీద బొటనవేలు అదిమి, ఊదింది. రొమ్ము అట్టడుగు నుంచి వచ్చింది ఆ ఊపిరి, రెండువైపులా నిండి. గోడ దాకా తెగలేదు. గోడకు జానెడు దూరంలో ఆమె ఆపింది. అతను తొక్కాడు. బండి ఆగింది. అతను చాలాసేపు దిగలేదు.

ఇప్పుడు సొరుగులోనే ఉంటున్నాను. నా పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో ఆ రాతిముక్కలు. నాలోంచి వెళ్ళింది ఆమె ఊపిరి. ఆ డబ్బాలో ఉన్నది ఆమె చెప్పని మాటలు. ఇద్దరం చీకట్లో పడి ఉంటాం, ఒకరినొకరం కదిలించుకోం. బీరువా తలుపు వెనకాల, వంటింట్లో, బిందెలో గ్లాసు ముంచిన చప్పుడు అప్పుడప్పుడు వినబడుతుంది. తరువాత ఆమె గుటకలు. వాటిని లెక్కపెట్టను. అవి వినబడుతున్నంతసేపు నేను పలకనవసరం లేదు.